బద్ధకం కాదు, వెలుతురు దొరక్క

ఫిల్మ్ కెమెరా సరదా ఉన్న ఆడవాళ్లు నాలుగు నెలలు రోలు కొనకపోతే చాలు, "పిచ్చి వదిలిందా?" అని ఇంట్లో నవ్వుతారు. బద్ధకం అనేస్తారు. నేను ఒప్పుకోను.

లెక్క చూడండి. మా తడ నుంచి భీములవారిపాలెం పడవల రేవు పెద్ద దూరమేం కాదు. చలికాలంలో పులికాట్‌కి ఫ్లెమింగోలు వస్తాయి. ఫొటోకి మంచి వెలుతురు పొద్దు పొడిచేటప్పుడు, మళ్లీ పొద్దు గుంకేటప్పుడు. సరిగ్గా అప్పుడే పొద్దున ఇడ్లీలు, క్యారియర్లు. సాయంత్రం కాఫీలు, రాత్రి వంట.

"ఇంట్లోనే తీసుకోవచ్చుగా?" అంటారు. ఫోన్‌లాగా చీకటికి తనే సర్దుకోదు ఫిల్మ్. 200 స్పీడు రోలు వేస్తే 36 ఫొటోలూ దానితోనే. వంటింటి ట్యూబ్‌లైట్ కింద చేత్తో పట్టుకుని తీస్తే అలికేసినట్టు వస్తాయి. పైగా రోలుకి ఖర్చు, కడిగించడానికి ఖర్చు. చెయ్యి బిగించాల్సి వస్తే ఇంట్లో మొదట కొట్టేసే పద్దు అదే. మగవాళ్ల క్రికెట్ బ్యాటుకి ఈ లెక్కలు ఎవరడుగుతారు?

మన దేశపు తొలి మహిళా ఫొటో జర్నలిస్టు హొమాయ్ వ్యారావాలా 1970లో కెమెరా పక్కన పెట్టేశారు. అది ఆవిడ సొంత నిర్ణయం. మనకీ విసుగొస్తే మానేద్దాం, తప్పేం లేదు. కానీ వారంలో ఒక్క పొద్దున కూడా మన చేతికివ్వకుండా, "నీకే ఇష్టం పోయింది" అనడం అన్యాయం.

ఈ ఆదివారం టిఫిన్ ఇంకెవరైనా చేయనివ్వండి. ఉత్సాహం ఉందో లేదో ఆ తర్వాత మాట్లాడదాం.