మెకానిక్కు అన్నది తిట్టు కాదు

గత నెలలో నా కారును అమ్మివేశాను. 1993 నాటి మాజ్దా ఎంఎక్స్-5. రెండే సీట్లు, గుడ్డ టాపు, మీట నొక్కితే కప్పకళ్ళలా పైకి లేచే దీపాలు. పద్నాలుగేళ్ళు నా దగ్గర ఉన్నది. దాని స్థానంలో మరొక కారు కొనడం లేదు. విడిభాగాలు తెప్పించుకొని ఇంటి వెనుక గ్యారేజీలో నా చేతులతో ఒక కారు కట్టబోతున్నాను. ఇక్కడ బ్రిటనులో అటువంటిదానిని కిట్ కారు అంటారు.

సంగతి తెలిసి విజయవాడ నుండి మా పెద్దబావగారు ఫోను చేశారు. "బంగారంలాంటి బండి అమ్ముకొని పెట్టెలలో ముక్కలు కొనుక్కుంటావుటోయ్? ఇంత చదువూ చదివి చివరికి మెకానిక్కువి అవుతావా?" అన్నారు. ఆయన ఒక్కరి మాటే అయితే ఈ టపా వ్రాసేవాణ్ణి కాదు. ఇక్కడి తెలుగు మిత్రులు ముగ్గురు నలుగురు, కాస్త మర్యాదగా, ఇదే మాట అన్నారు. కారు అమ్మినందుకు తిట్టినా పడతాను. మెకానిక్కు అన్న మాటను తిట్టుగా వాడటం మీదనే నా తగవు.

ముందు ఆ కారు నాకు ఏమి నేర్పిందో చెప్పనివ్వండి. దానికొక జన్మరోగం ఉన్నది. టాపు మీద పడిన వాననీరు సీట్ల వెనుక రెండు మూలల్లో ఉన్న సన్నని గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆకూ మట్టీ చేరి అవి పూడుకుపోతే నీరు తలుపుల కింద ఉండే బోలు దూలాలలోకి చేరుతుంది. వాటిని సిల్లులంటారు. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ఇనుము పొరలు పొరలుగా రాలుతూ ఉంటుంది. 2013లో, ఏడాదికొకసారి జరిగే ఎంఓటీ పరీక్షలో, తనిఖీ చేసే పెద్దమనిషి ఆ చోట తట్టి చూశాడు, చప్పుడు మారింది. బండి తప్పింది.

నేను మెకానికల్ ఇంజనీరింగు పట్టా ఉన్నవాణ్ణి. లోహాల తుప్పు మీద పరీక్ష వ్రాసి మంచి మార్కులే తెచ్చుకున్నవాణ్ణి. ఆ రోజున నాకు గ్రైండరు పట్టుకోవడం తెలియదు. చదవేస్తే ఉన్నమతి పోయిందన్న సామెతను మనవాళ్ళు ఊరికే అనలేదు. సాయంత్రపు తరగతులలో చేరి వెల్డింగు నేర్చుకున్నాను. మొదట వేసిన అతుకులు చాపమీద వడియాలు పెట్టినట్టుండేవి. పలుచని రేకుకు వేడి ఎక్కువైతే చిల్లు పడుతుంది. తక్కువైతే అతుకు పైపైనే నిలిచి ఊడివస్తుంది. ఆ రెంటికీ నడుమ ఉన్న సరైన చప్పుడును చెవి పట్టుకోవడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది. నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువులో ఆ చప్పుడును గురించి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాళ్ళకూ తెలియదని ఇప్పుడు అనుమానం.

సిల్లుల తరువాత బ్రేకులు, తరువాత క్లచ్చి, తరువాత ఇంజను. అన్నీ అయిపోయాయి. చివరి నాలుగేళ్ళలో నేను ఆ కారుకు చేసినదేమిటయ్యా అంటే, ఆదివారాలు తుడవడం. ప్రేమ అలాగే ఉన్నది, పని లేదు. ప్రేమించిన వస్తువును అమ్మరాదని వాదించేవారికి నా జవాబు ఇదే: దాచి ఉంచడం కూడా ఒక రకంగా వదిలివేయడమే. కొనడానికి వచ్చిన కుర్రాడు రంగు వైపు చూడలేదు. టార్చిలైటు తీసుకొని సీట్ల వెనుకకు వంగి గొట్టాలు పూడుకున్నాయా అని చూశాడు. బేరమాడకుండా ఇచ్చివేశాను.

కట్టబోయే కారుకు ఆ పాత కారునే విప్పి వాడుకోవచ్చు కదా అని మరొకరు అడిగారు. నిజమే, వాడుకోవచ్చు. ఎంఎక్స్-5లో గేరుబాక్సును వెనుకనున్న డిఫరెన్షియలుతో కలుపుతూ పొడుగాటి అల్యూమినియం చట్రం ఒకటి ఉంటుంది. అందువల్ల పై శరీరాన్ని విప్పి ఎత్తివేస్తే ఇంజను మొదలు వెనుక చక్రాల దాకా అంతా ఒక్కటిగా, కండ ఒలిచిన చేపముల్లులా నిలుస్తుంది. దాని మీద కొత్త గొట్టాల చాసీని దింపి బిగించడమే ఇటువంటి కిట్టులోని కిటుకు. కాని బతికి ఉన్న బండిని అందుకోసం కోయడం నాకు సమ్మతం కాదు. ఎంఓటీ తప్పి, బాగుచేసే ఖర్చు కూడా గిట్టక, తుక్కుకు పోబోయే బండ్లు కావలసినన్ని ఉన్నాయి. కిట్ కార్లవాళ్ళు పాత కార్లను మింగుతారన్న నిందకు నేను తావివ్వదలచలేదు.

ఇక అసలు తగవు. ఈ పని తెల్లవాళ్ళ కాలక్షేపమనీ, మనకు తగదనీ అంటున్నారు. బ్రిటనులో ఇది కాలక్షేపంగా కాక, పన్ను తప్పించుకునే ఉపాయంగా పెరిగింది. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను తయారుగా కొంటే కొనుగోలు పన్ను పడేది. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పడేది కాదు. బిగించే విధానం కాగితం మీద ఇవ్వరాదన్న నియమం ఉండటంతో, విప్పే విధానమని వ్రాసి ఇచ్చేవారనీ, కొన్నవాళ్ళు దానిని వెనుకనుండి చదువుకొనేవారనీ చెబుతారు. 1973లో వ్యాట్ వచ్చి ఆ లాభం పోయింది. అదే ఏడు లోటస్ ఆ కారు హక్కులను కేటర్‌హామ్‌కు అమ్మివేసింది. లాభం పోయినా పని పోలేదు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన, 250 పౌండ్లకే స్పోర్ట్స్ కారు కట్టుకోవడం ఎలాగో పుస్తకం వ్రాస్తే, దానిని చూసి ఎందరో ఇంటి గ్యారేజీలలో చాసీలు అతుకుకున్నారు.

మనకు తగదా? మా బావగారి రెండు లారీలూ ఎక్కడ పుట్టాయి? కంపెనీ నుండి వచ్చినది ఉత్త చాసీ. తలుపు లేదు, అద్దం లేదు. డ్రైవరు ముఖానికి తువ్వాలు చుట్టుకొని, ఎండకూ దుమ్ముకూ ఓర్చి, వందల మైళ్ళు నడుపుకొని వచ్చేవాడు. ఆ పైన క్యాబినూ, తొట్టీ, నుదుటి మీద దేవుడి బొమ్మా అంతా విజయవాడ ఆటోనగర్‌లో కట్టినవే. చేతులతో, పానాలతో, కొలతబద్దతో. కిట్ కారంటే ఇంకేమిటి? బావగారు షెడ్డు ముందు కుర్చీ వేసుకొని కూర్చొని కట్టించారు. కట్టినవాణ్ణి మాత్రం "ఒరే" అని పిలిచారు. ఆ "ఒరే" ఇప్పుడు నా దాకా వచ్చిందన్నమాట.

మన చట్టానిదీ అదే చూపు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుండి వచ్చిన కేసులో దీనినే గట్టిగా చెప్పింది. ఆ సెక్షనులో కిట్టు అన్న మాట ఉన్నది సుమా. అది ఇంధనం మార్చే కిట్టు. కొత్త నమూనాను పుణేలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలలో పరీక్షింపజేసి ఆమోదం పొందే పద్ధతి ఉన్నది. అది బళ్ళను వరుసగా తయారుచేసే కంపెనీలకని వ్రాసిన పద్ధతి. ఒక్క బండి కట్టుకొనే ఒక్క మనిషి అందులో లేడు. హైదరాబాదులో సుధాకర్ యాదవ్ గారు బూటు ఆకారంలో, క్రికెట్ బ్యాటు ఆకారంలో చేతితో కార్లు చేశారు. చూసి ముచ్చటపడటానికి జనం బహదూర్‌పురాలోని ఆయన మ్యూజియానికి వెళతారు. చేతితో చేసిన కారు మనకు వింత వస్తువు. టిక్కెట్టు కొని చూసి రావలసినది.

"ఎవరికి వారు కార్లు కట్టుకొని రోడ్డెక్కితే ఎదుటివాడి ప్రాణమేమి కావాలి?" అన్న ప్రశ్న ఒక్కటే న్యాయమైనది. దానికి జవాబు నిషేధం కాదు, పరీక్ష. ఇక్కడ 1998 నుండి ఎస్‌వీఏ అనే పరీక్ష ఉండేది, 2009లో దాని స్థానంలో ఐవీఏ వచ్చింది. బ్రేకులు, దీపాలు, పొగ, చప్పుడు, సీటుబెల్టు బిగింపులు అన్నీ చూస్తారు. మనిషికి తగిలేచోట బయటి అంచు గుండ్రదనం రెండున్నర మిల్లీమీటర్లకు తగ్గరాదు. ఒక బోల్టు మొన బయటికి పొడుచుకొని ఉన్నా ఇంటికి పంపుతారు. వయసు తేలని బండికి క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. అవమానమే కాని, రోడ్డు మీదికైతే రానిస్తారు. చాదస్తమంటారా? చాదస్తమే. కాని ఆ చాదస్తం నన్ను కట్టగలవాడిగా గుర్తించి ప్రశ్నలు వేస్తుంది.

బ్లాగ్మిత్రులకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. మూస దొరకని రోజులలో టెంప్లేటు కోడు విప్పి, ఒక వరుస చెరిపి, పేజీ అంతా డబ్బాలుగా మారితే రాత్రంతా కూర్చొని సరిచేసుకున్నవాళ్ళమే కదా మనం. అది చేసినప్పుడు మనల్ని ఎవరూ మెకానిక్కులనలేదు. చేతికి గ్రీజు అంటలేదు గనుక.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. రెండూ చూశాను. మూడవదానికి దాత బండి ఒకటి నిన్ననే కుదిరింది. 1995 నాటిది, ఇంజను చక్కగా తిరుగుతున్నది, సిల్లులు రెండూ చేతికి పొడిగా రాలుతున్నాయి. శనివారం ట్రైలరు అద్దెకు తీసుకొని తెచ్చుకోవాలి. శరీరం ఎత్తివేసిన రోజున ఫోటో తీసి మొట్టమొదట బావగారికే పంపుతాను.