పిల్లికి సగం బిళ్ల

"పిల్లికి ఒళ్లు కాలిపోతోంది, ఏదైనా ఇవ్వు బాబూ" అని ఒకాయన అడిగితే, కౌంటర్లో కుర్రాడు పారాసిటమాల్ స్ట్రిప్పులోంచి రెండు బిళ్లలు కత్తిరించి, "చిన్న ప్రాణి కదా సార్, సగం వెయ్యండి" అన్నాడు. ఈ వారం మా పేటలో ఓ మందుల షాపులో జరిగిన వైద్యం ఇది. నేను అడ్డుపడ్డాను కాబట్టి సరిపోయింది. పారాసిటమాల్‌ను అరిగించుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు. సగం బిళ్ల చాలు, దాని నెత్తురు ఆక్సిజన్ మోయడం మానేయడానికి.

కుక్కకు ఐబుప్రొఫెన్ వేస్తే కడుపులో పుళ్లు పడతాయి, కిడ్నీలు పాడవుతాయి. చక్కెర లేని సిరప్‌లు కొన్నింటిలో ఉండే జైలిటాల్ దానికి విషం. కుక్క గోమార్లకు రాసే పెర్మెత్రిన్ పిల్లిని చంపుతుంది. ఫార్మసిస్టు పశువుల డాక్టరు అవతారం ఎత్తక్కర్లేదు. "ఎవరికండీ ఈ మందు?" అని అడిగి, పై నాలుగు ముక్కలు చెప్పి, పశువుల ఆసుపత్రికి పొమ్మంటే చాలు. కుక్క గీరిందని వచ్చినవాడికి యాంటీసెప్టిక్ ట్యూబు అమ్మి పంపేయకుండా, పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి వెంటనే టీకాకు పరుగెత్తమంటే ఇంకా పుణ్యం.

మనుషుల షాపుకీ గొడ్ల కొట్టానికీ సంబంధమేమిటని కొట్టిపారేయకండి. డైక్లోఫెనాక్ వేసిన గొడ్ల కళేబరాలు తిని రాబందులు తుడిచిపెట్టుకుపోతున్నాయని పశువులకు ఆ మందును 2006లో నిషేధించారు. అయినా మనుషుల పేరుతో పెద్ద సీసాలు కొని గొడ్లకు పొడుస్తూనే ఉన్నారు. చివరికి 2015లో మనుషుల ఇంజెక్షన్ సీసానే ఒక్క డోసుకు, 3 మిల్లీలీటర్లకు కుదించాల్సొచ్చింది. సీసాను కుదించారు సరే, అమ్మే చేతిని ఎవరు పట్టుకున్నారు?

అసలు అడగడానికి ఫార్మసిస్టు షాపులో ఉంటేగా! చీటీ మందు రిజిస్టరైన ఫార్మసిస్టే ఇవ్వాలన్న ఫార్మసీ చట్టం 1948 నాటిది. చాలా షాపుల్లో ఆ మనిషి గోడమీద ఫ్రేములో ఉంటాడు. సర్టిఫికెట్ ఇక్కడ, ఆసామి ఇంకో ఊళ్లో ఇంకో ఉద్యోగంలో. నెలనెలా అద్దె మాత్రం ఠంచనుగా అందుతుంది. ఏటా వేలమందికి పట్టాలిచ్చే ఫార్మసీ కాలేజీలు మనకున్నాయి, వాటిలో చదివినవాళ్లకు షాపుల్లో ఇచ్చే జీతం అడగొద్దు. ఆ జీతానికి కౌంటర్లో నిలబడేకన్నా కాగితాన్ని అద్దెకివ్వడమే లాభమని వాళ్లకు నేర్పింది మనమే.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఈసారి తనిఖీకి వెళ్తే సర్టిఫికెట్ కాదు, అందులో పేరున్న మనిషిని చూపించమనాలి. అదీ ముందుగా కబురు చెప్పకుండా.