నూరు మార్కులలో పది

కుక్కను గూర్చి వ్రాయబూనిన తెలుగువాడు ధర్మరాజు వెంట నడచిన శునకమును స్మరింపక కలము కదపడు. ఆ సంప్రదాయమును ఈ వారము నేను పాటింపకున్నందుకు పాఠకులు మన్నింతురుగాక. నేడు నేను తలచుకొనదలచినది స్వర్గద్వారము వరకు పోయిన కుక్కను కాదు. న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ వరకు మాత్రమే పోయి, అచ్చట 1907, 1908, 1909 సంవత్సరములలో వరుసగా మూడుమార్లు వెస్ట్‌మినిస్టర్ కెన్నెల్ క్లబ్బువారి సర్వోత్తమ శునక బహుమానమును గెలుచుకొన్న వారెన్ రెమెడీ అను ఆడకుక్కను. ఆ క్లబ్బు ప్రదర్శనలు 1877లోనే మొదలైనను, సకల జాతులలోను ఒక్కదానిని ఏరి మకుటము పెట్టు ఆచారము 1907లో గాని ఆరంభము కాలేదు; అనగా మొట్టమొదటి మకుటమే దీనిది. అటుపిమ్మట రెండుమార్లు గెలిచిన కుక్కలు కొన్ని కలవు గాని, మూడవమారు గెలిచినది నేటికిని వేరొకటి లేదు.

దీని యజమాని విన్‌త్రాప్ రదర్‌ఫర్డ్, న్యూజెర్సీలోని అల్లమూచీలో ఎస్టేటు గల శ్రీమంతుడు. చరిత్ర వ్రాయువారు ఈయన పేరెత్తునది రెండు ప్రణయగాథల సందర్భముననే. కాన్సులో వాండర్‌బిల్ట్ ఈయనను వలచియుండియు, తల్లి బలవంతముచే 1895లో ఇంగ్లండునందలి మార్ల్‌బరో డ్యూకును పెండ్లాడవలసి వచ్చెను; ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు మనసుపడిన లూసీ మెర్సరు 1920లో ఈయనకు ఇల్లాలయ్యెను. పాపము, రెండుచోట్లను ఆయన పరుల కథలో పాత్రయే. తన సొంత కథ యనదగినది ఆయనకు కుక్కలశాలయందే దొరికినదని నా యభిప్రాయము.

రెమెడీ నున్నబొచ్చు ఫాక్స్ టెర్రియర్ జాతిది. ఇంగ్లండులో గుఱ్ఱములనెక్కి వేటాడు దొరలు, వేటకుక్కలు తరిమిన నక్క బొరియలో దూరి కూర్చుండినప్పుడు, దానిని వెలికి తోలుటకై ఈ పొట్టికుక్కను లోనికి పంపెడివారు. 1876లో అచ్చటి ఫాక్స్ టెర్రియర్ క్లబ్బువారు ఏర్పరచుకొన్న లక్షణపత్రము ఆ బొరియను కన్నులయెదుట నుంచుకొని వ్రాసినట్లే యుండును. మగదాని బరువు నాటి 20 పౌండ్లనుండి తరువాత 18కి దిగినదే గాని, తక్కినదంతయు ఇంచుమించు చెక్కుచెదరక నిలిచినది. నేటి అమెరికా పత్రము మేరకు మూపుకడ ఎత్తు పదిహేనున్నర అంగుళములు మించరాదు. ఛాతీ లోతుగా నుండవలెను గాని వెడల్పు కారాదు, ఏలయన వెడల్పైనది బొరియలో ఇరుకుకొనును. పాదములు చిన్నవై, గుండ్రనివై, అడుగుభాగము గట్టిగా నుండవలెను. బొచ్చు నున్ననిదైనను గట్టిగా, ఒత్తుగా, ఒంటికి అంటుకొనియుండుటయే చాలదు. పొట్టక్రిందను తొడల లోపలను సైతము బోసిగా కనబడరాదు. తెలుపే ప్రధానమైన వన్నె. ఎఱ్ఱనిది బొరియనుండి వెలువడినచో వేటకుక్కలు దానినే నక్క యనుకొని చీల్చివేయునను భయము దీనికి కారణమని చెప్పుదురు.

ఈ లక్షణములకన్నిటికిని నూరు మార్కులు పంచిరి. తలకును చెవులకును 15, మెడకు 5, భుజములకును ఛాతీకిని 10, వెన్నునకును నడుమునకును 10, వెనుకభాగమునకు 15, తోకకు 5, కాళ్ళకును పాదములకును 15, బొచ్చుకు 15. మిగిలిన 10 పొందికకును, పరిమాణమునకును, స్వభావమునకును కలిపి యిచ్చునవి.

కుక్కను పెంచినవానిని, అది పోయిన పిమ్మట, దాని ముచ్చట చెప్పుమనుడు. తోక వెన్నునకెంత ఎత్తున మొదలైనదో చెప్పడు. సాయంకాలము ఏ వేళకు గుమ్మముకడ కాచుకొనెడిదో, ఎవరి యడుగుల చప్పుడు వినియు మొరుగక యూరకుండెడిదో, ఉరుము విని ఏ మంచము క్రింద దూరెడిదో చెప్పును. చెప్పుచు నడుమ ఒకమారు గొంతు సవరించుకొనును. ఇవన్నియు, ఉన్నవనుకొన్నను, ఆ పదింటిలో ఒక మూలను అణగియున్నవి. ప్రదర్శనలు వట్టి డాంబికమని కొట్టివేయువారితో నేను ఏకీభవింపను. వేట యెరుగని ఇండ్లలో సైతము వేటకు తగిన దేహము తరతరములుగా చెడక వచ్చుచున్నదన్న, అది ఆ పత్రము చేసిన మేలే. నా ఫిర్యాదంతయు ఒక్కటే: జాతిని గుర్తుంచుకొనుటకు తొంబది మార్కులు వెచ్చించినవారు, కుక్కను గుర్తుంచుకొనుటకు మూడునాలుగైనను విడిగా తీసి యుంచలేదు.

డెవన్ సీమలో స్వింబ్రిడ్జి గ్రామమునకు పాదిరియై, ఫాక్స్ టెర్రియర్లను పెంచిన జాన్ రస్సెల్ ఈ సంగతి గ్రహించియుండునని నాకు తోచును. ఆయన 1819లో, ఆక్స్‌ఫర్డున విద్యార్థిగా నుండగా, ఒక పాలవానియొద్ద ట్రంప్ అను ఆడకుక్కను కొనెనని ప్రసిద్ధి. తెల్లని మేను, ఇరుప్రక్కల కంటిని చెవిని కప్పుచు ముదురు గోధుమవన్నె మచ్చ, తోక మొదట పెన్నీ నాణెమంత మరియొక చుక్క: రెండువందల యేండ్లు గడచినను ఆ చుక్క ఎచ్చట నుండెనో నేటికిని చెప్పువారు కలరు. 1873లో ఇంగ్లండు కెన్నెల్ క్లబ్బును నెలకొల్పినవారిలో ఒకడయ్యును, ఇతరుల కుక్కలకు తీర్పరియై కూర్చుండియును, ఆ పాదిరి తన కుక్కలను మాత్రము పోటీకి నిలుపలేదు.

1910లో సబైన్ రేర్‌బిట్ అను మరియొక నున్నబొచ్చు కుక్క వెస్ట్‌మినిస్టరులో గెలిచెను. నాటినుండి ఆ జాతికి ఆ మకుటము మరల దక్కలేదు. దాని తోబుట్టువనదగిన బిరుసుబొచ్చు ఫాక్స్ టెర్రియర్ 1915 మొదలు 2019 వరకు 15 మార్లు గెలిచి అన్ని జాతులను మించిపోయినది. బిరుసుబొచ్చును గంటలతరబడి చేతితో పీకి, దువ్వి, తీర్చి, మెడకు లేని పొడవును కాళ్ళకు లేని నిటారుతనమును కొంతవరకు కల్పింపవచ్చును. నున్నదానికి ఆ మరుగు లేదు. తీర్పరి చూచునది తల్లి కన్న దేహమునే. రెమెడీయందు నాకు గల పక్షపాతమునకు ఇదియే కారణము, దాని మూడు బహుమానములు కావు.