కానుక వెనుక ఋణం

చికిత్సకు నాలుగు పాదాలున్నాయని చరక సంహిత పేర్కొన్నది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి - ఈ నాలుగూ గుణసంపన్నమైనపుడే వ్యాధి శమిస్తుందని ఆ గ్రంథం ప్రతిపాదించింది. ఆధునిక కాలంలో వీటి నడుమ ఐదవ పాదం ఒకటి చేరింది. అది ఔషధ వ్యాపారం. వ్యాపారం లేనిదే మందు రోగిని చేరదు కనుక దానిని నిందించనవసరం లేదు. అయితే అది కానుకల రూపంలో వైద్యుని గదిలోకి ప్రవేశించినపుడు మాత్రం ఆలోచించక తప్పదు.

లోకంలో సాధారణంగా వస్తువును కొనేవారే దానిని ఎన్నుకుంటారు. చీర కొనే ఇల్లాలు నాలుగు దుకాణాలు తిరిగి, నేత చూసి, బేరమాడి కొంటుంది. మందుల విషయంలో అలా కాదు. ఎన్నుకొనేది వైద్యుడు, మూల్యం చెల్లించేది రోగి. అందువల్లనే మందుల కంపెనీలు వైద్యుని ప్రసన్నం చేసుకోవడానికి యత్నిస్తాయి. కలంతో, క్యాలెండరుతో మొదలయ్యే ఈ మర్యాద విందులకు, విహారయాత్రలకు, విదేశీ సదస్సుల ఖర్చులకు విస్తరిస్తుంది.

"పూట భోజనానికి అమ్ముడుపోతామా?" అని వైద్యులు ప్రశ్నించవచ్చు. వారి నిజాయితీని శంకించనక్కరలేదు. కానీ ఉప్పు తిన్న ఇంటిని మరువరాదన్నది మన సంస్కారం. కృతజ్ఞత సద్గుణమే. ఆ సద్గుణమే ఇక్కడ వ్యాపారానికి పెట్టుబడి అవుతున్నది. 2001లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, శిక్షణలో ఉన్న వైద్యులలో 61 శాతం మంది కంపెనీల ప్రచారం తమను ప్రభావితం చేయదన్నారు. తోటి వైద్యులు కూడా అంతే నిశ్చలంగా ఉంటారని నమ్మినవారు 16 శాతమే! అక్కడే 2016లో వెలువడిన మరొక అధ్యయనం, సగటున 20 డాలర్లకు లోపు విలువగల ఒక్క భోజనం స్వీకరించిన వైద్యులు సైతం ఆ కంపెనీ మందును ఇతరులకంటె ఎక్కువగా రాసినట్లు గుర్తించింది. భోజనమే కారణమని అది తేల్చి చెప్పలేదు. అయినా భోజనాలు పెరిగినకొద్దీ ఆ మందు రాయడమూ పెరగడం గమనార్హం.

ఈ కానుకల వెల భరించేది ఎవరు? కంపెనీలు వైద్యులకు ఇచ్చే కానుకలపై ఆదాయపు పన్ను మినహాయింపు పొందరాదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ ఖర్చు మందుల ధరలలో కలిసి చివరకు ప్రజలపైనే పడుతున్నదని వ్యాఖ్యానించింది.

వైద్యులు కానుకలు స్వీకరించరాదని భారత వైద్య మండలి 2009లోనే నిబంధన విధించింది. కంపెనీలు ఇవ్వరాదని 2024 మార్చిలో కేంద్ర ఔషధ విభాగం నియమావళి ప్రకటించింది. అయితే వెయ్యి రూపాయలకు మించని పుస్తకాలు, డైరీలు, క్యాలెండర్ల వంటి వాటిని అది అనుమతించింది. ఒక్క పూట భోజనమే మనసును మొగ్గేలా చేయగలిగితే, ఈ మినహాయింపు ఎంతవరకు సమంజసం? ఏ కంపెనీ ఏ వైద్యునికి ఏమిచ్చిందో వెల్లడించాలని అమెరికా 2010లో చట్టం చేసింది. 2014 నుండి ఆ వివరాలను అక్కడ ఎవరైనా చూడవచ్చు. అటువంటి బహిరంగ పట్టిక మన దేశానికీ అవసరం.

కూలి డబ్బు కొంగున ముడివేసుకొని వచ్చిన రోగి మందుల చీటీని చదవలేదు. వైద్యుని నమ్మి మందు కొంటుంది. ఆ చీటీపై వైద్యుని విచక్షణ ఉండాలి గాని, మరొకరి ఋణం ఉండరాదు.