వెన్న శాతం ఒక్కటే చూస్తే చాలదు

మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో ఇళ్ల సైట్లలో పనిచేసే మేం సౌత్ గిప్స్‌లాండ్ హైవే మీద పాల ట్యాంకర్లను చూస్తూనే ఉంటాం. గిప్స్‌లాండ్ అంతా పాడి ప్రాంతం. ఇక్కడ డెయిరీ కంపెనీలు ట్యాంకర్ పాలలో యాంటీబయాటిక్ మందు మిగిలి ఉందేమో పరీక్ష చేయిస్తాయి. ఉందని తేలితే ఆ పాలు పనికిరావు. ప్రతి ఫారం దగ్గర ముందే శాంపిల్ తీసి ఉంచుతారు కాబట్టి ఎవరి పాలో కూడా తెలిసిపోతుంది. అందుకే మందు వేసిన ఆవు కాలికి రంగు పట్టీ కట్టి, దాని పాలు విడిగా పితుకుతారు.

మరి మన ఊళ్లో? పాల కేంద్రంలో చూసేది వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్. రేటు కట్టేదీ వాటి మీదే. గేదెకు పొదుగువాపు వస్తే పొద్దున సూది వేయిస్తాం, సాయంత్రం పాలు మామూలుగానే కేంద్రానికి పోతాయి. ఎన్ని రోజులు పాలు పోయకూడదో మందు సీసా మీద రాసే ఉంటుంది. చదివేదెవరు?

కాస్తే పోతుందిలే అనుకుంటారు. కాస్తే క్రిములు చస్తాయి గానీ మందు పూర్తిగా పోదు. పెన్సిలిన్ పడనివాళ్లకు అది ప్రమాదం. కొద్దికొద్దిగా రోజూ ఒంట్లోకి పోతే క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. పెరుగు తోడుకోకపోతే చలి అనో, పాలలో నీళ్లు అనో అంటాం. పాలలో మందు ఉన్నా తోడు పనిచేయదు. డెయిరీల్లో వాడే ఒక పరీక్ష కిటకు కూడా ఇదే. గొట్టంలో సూక్ష్మజీవులు, ఊదా రంగు ఉంటాయి. పాలు వేసి వేడిలో ఉంచితే, మందు లేకపోతే అవి పెరిగి రంగు పసుపుగా మారుతుంది. మందు ఉంటే ఊదాగానే ఉండిపోతుంది.

భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల శాంపిళ్లు పరీక్షించింది. 77 శాంపిళ్లలో యాంటీబయాటిక్స్ పరిమితికి మించి ఉన్నాయి. ప్రమాదకరమైన కల్తీ దొరికింది 12లోనే. కానీ మనవాళ్ల కేకలన్నీ కల్తీ మీదే!

తప్పంతా రైతుదే అంటే మాత్రం మేం ఒప్పుకోం. ఇక్కడ వందల ఆవులున్న ఫారంలో ఒక ఆవు పాలు పారబోస్తే లెక్కలోకి రాదు. మేం పంపిన డబ్బుతో రెండు గేదెలు కొనుక్కున్న అమ్మానాన్నలు నాలుగు రోజుల పాలు పారబోయాలంటే నెల ఖర్చుకే దెబ్బ. కాబట్టి బల్క్ కూలర్ దగ్గరే డెయిరీ తన ఖర్చుతో పరీక్ష పెట్టాలి. పశువుల డాక్టరు చీటీ చూపించి పాలు ఆపుకున్న రైతుకు ఆ రోజులకు సగం రేటైనా కట్టివ్వాలి. ఊరికే జరిమానా వేస్తే సూది వేయించిన సంగతే దాచేస్తారు.

సహకార డెయిరీల్లో మన ఇంటివాళ్లు సభ్యులు. సంఘం సర్వసభ్య సమావేశంలో ఈ రెండు మాటలూ అడగమని మేం ఇంటికి ఫోన్ చేసి చెబుతున్నాం. గల్ఫ్‌లో, సింగపూర్‌లో ఉన్న అన్నలూ తమ్ముళ్లూ, మీరూ చెప్పండి.