నటుని కంఠము, ఊరి చెరువు

నటులకు కంఠశిక్షణ గరపు విద్యాలయములలో ఈనాడొక పద్ధతి ప్రబలముగా నున్నది. ఊపిరి ఇంతసేపు బిగబట్టుము, ఇంతసేపు విడువుము అని శాసించుటకు మారుగా ఆచార్యుడు శిష్యుని కన్నులు మూయించి, ఒక ప్రకృతిదృశ్యమును వర్ణించి, ఆ దృశ్యములోనికి శ్వాసను వదలుమనును. ఇది ఊసుపోకకు చేయు పని కాదు. శ్వాసను నడపు ఉదరవితానమును మనము చేతిని చాచినట్లు చాచలేము. అది ఎంత దిగినదో, ఎక్కడ నిలిచినదో మనకు స్పష్టముగా తెలియనే తెలియదు. స్వరపేటికలోని సూక్ష్మమైన కండరములును అట్టివే. చింతకాయ పేరు విన్నంతనే నోరూరినట్లు, ఆజ్ఞకు లొంగని ఈ అవయవములు భావనకు లొంగును. అయితే చింతకాయ నెన్నడును కొరికి యెరుగనివానికి దాని పేరు వినిన నోరూరదు గదా! నా వాదమంతయు ఈ చిన్న మెలికలోనే యున్నది.

ఈ పద్ధతికి ఆధునికకాలమున పేరు తెచ్చినవారిలో క్రిస్టిన్ లింక్లేటర్ ముఖ్యురాలు. స్కాట్లండునకు ఉత్తరమున సముద్రమధ్యమున నున్న ఆర్క్‌నీ ద్వీపములలో పెరిగి, అమెరికాలో దీర్ఘకాలము బోధించి, 1976లో సహజకంఠమును గూర్చిన తన గ్రంథమును ప్రకటించిన ఆ విదుషి, శరీరాంతర్భాగమును అడవి నడుమ నిశ్చలముగా నున్న మడుగుగా భావింపుమని అభ్యాసకులకు చెప్పినది. అది ఆమె దేశమునకు చల్లని, సుఖమైన భావన.

ఆ మడుగే ఇటీవల మన పట్టణములలో నొకదాన జరిగిన నాటకశిక్షణశిబిరమున నా కంటబడినది. బలిజేపల్లివారి హరిశ్చంద్రనాటకము నందలి కాటిసీను అభ్యసించుచున్న పాలమూరు ప్రాంతపు యువకుడొకడు, మడుగును తలచుకొమ్మని గురువు పలికినంతనే, భుజములు పైకెత్తి, పొట్ట బిగించి, ఊపిరిని ఎగువ రొమ్మున నిలిపివేసినాడు.

“ఏమైంది బిడ్డా?”

“మడుగుల సుడి ఉంటది సార్. మా ఊళ్ళె దానిదిక్కు పోనియ్యరు.”

భాగవతకథ వినుచు పెరిగిన తెలుగువానికి మడుగనగా కాళియుడే మనసున మెదలును. ఈతరాని పిల్లలను తల్లులు బెదరించునదియు ఆ పేరు చెప్పియే. ఒకచోట ఊపిరిని విడిపించిన భావనయే మరియొకచోట దానిని గొంతున బంధించినది. గురువు పుస్తకమును మూసి, మీ ఊరి చెరువు నిండునా యని యడిగెను. కుర్రవాని మొగము వికసించినది.

“మత్తడి దుంకుతది సార్!”

“అయితే మత్తడి కట్ట మీద నిలబడు. నీళ్ళు నువ్వు తోడొద్దు. నిండేదాక ఆగు.”

చెరువు నిండుట వాన పని. నీ పని కాదు. కనుక గాలిని లోనికి గుంజుకొనవలసిన యవసరము లేదు, అదియే వచ్చును. నిండిన నీరు తనంత తాను గట్టు దాటి దుముకును. వెనుక నుండి నెట్టువాడెవడును లేడు. ఐనను ఆ హోరు ఊరంతటికిని వినబడును. అంతకుముందు పద్యాంతమున రాగమును మోట తోలినట్లు గొంతుతో పైకి లాగుచుండిన ఆ యువకుడు, ఈసారి నాలుగవ పాదము పూర్తియగువరకు అక్షరము చెదరకుండ పలికి, రాగమును దానిపై పొర్లనిచ్చినాడు. కడపటి వరుస కుర్చీలో నున్న నాకు పదములు విడివిడిగా వినబడినవి. మన పద్యనాటకమునకు పట్టిన పాతజబ్బు రాగము పదమును మ్రింగుటయే గనుక దీనిని నేను స్వల్పవిషయముగా నెంచను. ఒక చెరువు మిగులునీరు దిగువ చెరువునకు పోవు గొలుసుకట్టు నెరిగిన పిల్లలకు, సీసపద్యపు దీర్ఘపాదములను శ్వాస తెగకుండ ఒకదాని నుండి మరియొకదానిలోనికి దింపుట నేర్పుటయు ఇట్లే సుకరమని నా తలంపు.

ఇది పాశ్చాత్యులు మనకు నేర్పిన విద్య యని భ్రమించువారు ఒక్కసారి పాణినీయశిక్షను తిరుగవేయవలెను. ఆడుపులి తన కూనలను కోరల నడుమ బట్టి, గాటు పడకుండ, జారిపడకుండ ఎట్లు కొనిపోవునో అట్లు వర్ణములను పలుకవలెనని యందు చెప్పబడినది. ఉచ్చారణలో బిగువెంత, సడలెంత యను ప్రశ్నకు ఇంతకంటె సూక్ష్మమైన సమాధానమును నేనింకెక్కడను చూడలేదు. ప్రాతఃకాలమున రొమ్ము నుండి శార్దూలధ్వనితో, మధ్యాహ్నమున కంఠము నుండి చక్రవాకధ్వనితో, తృతీయసవనమున శిరస్సు నుండి మయూరహంసకోకిలధ్వనులతో పఠింపుమనియు నందే కలదు. మాత్రలకు కొలతలును జంతువులవే: ముంగిసది అర్ధమాత్ర, చాషపక్షిది ఒక మాత్ర, కాకిది రెండు, నెమలిది మూడు. ఆ చాషమే దసరానాడు జమ్మిచెట్టుకడకు పోవుచు మనవారు దర్శనము కోరు పాలపిట్ట. ఇంతకంటె నాకు రుచించునది మరియొకటి: ఒకానొక అనునాసికధ్వనిని సౌరాష్ట్రదేశపు స్త్రీ చల్ల కొనుడని కేకవేయునట్లు పలుకుమని ఆ శాస్త్రకారుడు నిస్సంకోచముగా వ్రాసినాడు. వేదాక్షరమునకు వీధిలోని చల్లమ్మి కేక ప్రమాణమాయెను!

ఇంత చెప్పినంతమాత్రమున ఆ శిక్షాశ్లోకములను నేటి నటులచే వల్లెవేయింపుడని నా యభిప్రాయము కాదు. అట్టి ఉత్సాహవంతులును మనలో కొందరున్నారు. చక్రవాకమును పుస్తకమున దప్ప చూడని హైదరాబాదు కుర్రవానికి మధ్యాహ్నస్వరము చక్రవాకకూజితమని చెప్పుట, పాలమూరువానికి పరదేశపు మడుగును చూపుట యంతటి నిష్ఫలకార్యమే. ఆ ఆచార్యులు తమ చుట్టునున్న అడవిని, వీధిని విని వ్రాసిరి. వారినుండి గ్రహింపవలసినది చెవి యొగ్గు ఆ గుణమునే కాని, వారి పులిని కాదు. నగరములో నేమున్నవందురా? రేకులపై పడు వాన యున్నది, పావురముల గొణుగుడున్నది, వేసవిలో వేపచెట్టుపై కోయిల యున్నది.

ఇంకొక పొరపాటునకును ఇచట తావున్నది. పక్షివలె కూయుట ధ్వన్యనుకరణము. అది వేరు కళ, ఓరుగల్లు నేరెళ్ళ వేణుమాధవ్‌గారి వంటివారు దానిని పరాకాష్ఠ నందించిరి. కంఠశిక్షణలోని భావన అనుకరణము కాదు. మత్తడిని తలచిన నటుడు నీటిచప్పుడు చేయడు. హరిశ్చంద్రుని పద్యమునే చదువును. భావన మరుగున నుండి ఊపిరిని మాత్రము సవరించి తొలగిపోవలెను. ప్రేక్షకునకు చెరువు కనబడెనా, శిక్షణ చెడినదన్నమాట.

మెడకు మైకు తగిలించుకొను కాలమున ఈ కష్టమంతయు నెందులకని యడుగువారికి, మైకు ఇరుకుగొంతును పెద్దది చేయును గాని విడుదల చేయదని మాత్రము చెప్పి విడిచెదను.

మత్తడి యన్నంతనే కోనసీమ యువకుడు తెల్లమొగము వేయును; అతనికి కాలువ లాకులును, సముద్రపు ఆటుపోట్లును తెలియును. అనంతపురమువానికి వాన రాక కొరకు ఎదురుచూచుటయే వానకంటె నెక్కువ పరిచితము. ఆ నిరీక్షణమునుండి వాక్యమధ్యమున మౌనమును పట్టుట నేర్పవచ్చును. కాబట్టి గురువు మొదట అడుగవలసినది నీ స్థాయి యెంత యని కాదు, నీదే ఊరని. అమెరికాలోని మన సంఘములవారు ఉత్సవములలో పద్యనాటకములాడుచున్నారు. శీతలనగరములలో పుట్టిపెరిగిన ఆ పిల్లలకు వారి మాస్టారుగారు మోటబావిని, జొన్నచేని మంచెను వర్ణించి, ఊపిరి ఆడలేదేమని విసుగుకొనినచో, ఆ శిబిరమున మడుగు చేసిన పనియే ఇచ్చట మోటబావి చేయును. రాత్రి కురిసిన మంచు తెల్లవారి ఇంటికప్పు మీదినుండి జారుట ఆ పిల్లలు చూచియున్నారు. హరిశ్చంద్రుని పద్యమునకు ఆ మంచు పనికిరాదనుటకు నాకు హేతువేదియు తోచలేదు.