దేవుని చిత్తం తెలిసేదెలా?

అమ్మాయికి కువైట్ సంబంధం వచ్చింది. ఇది దేవుని చిత్తమో కాదో తెలియక తల్లి మూడు రోజులు ఉపవాసముంటుంది. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనం చదువుతుంది. కొత్త సంవత్సరం రాత్రి చర్చిలో తీసిన వాగ్దాన కార్డు వెతుకుతుంది. కార్డు ధైర్యానికి మంచిదేనమ్మా. అబ్బాయి తాగుతాడో లేదో అది చెబుతుందా?

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చూడండి. పౌలు ఆసియాలో బోధిద్దామంటే పరిశుద్ధాత్మ వద్దన్నాడు. బితూనియకు వెళ్దామన్నా అంతే. అయినా ఆయన కూర్చుండిపోలేదు, త్రోయ దాకా వచ్చాడు. అక్కడ రాత్రి మాసిదోనియ మనిషి దర్శనంలో కనిపించాడు. తెల్లారి తోటివారంతా కలిసే బయలుదేరాలని తేల్చుకున్నారు. ‘మేము’ అంటూ కథ చెప్పడం ఆ అధ్యాయంలో అక్కడే మొదలవుతుంది!

ఫిలిప్పీలో ఏటి ఒడ్డున ఆయన మాట విన్నది ఆడవాళ్లు. వారిలో లూదియ ఊదారంగు సరుకు అమ్ముకునే వ్యాపారస్తురాలు. ఆమెది తుయతైర, అంటే ఆ ఆసియాలోని ఊరే. అదే ఫిలిప్పీలో పౌలు దెబ్బలు తిన్నాడు, చెరసాలలోనూ పడ్డాడు. కష్టం వచ్చింది కదా అని దారి తప్పానని అనుకోలేదు.

ప్రార్థన మానమని కాదు. ఉపవాసం ముగించాక కువైట్‌లో తెలిసినవాళ్లచేత వాకబు చేయించండి. సంఘంలో పెద్దావిడ ఎవరితోనైనా మాట్లాడండి. అన్నట్టు, అమ్మాయిని అడిగారా?